లెక్కలో లేని సాక

జైలు నుంచి వచ్చినవాడికి ఏ రోజు ప్రమాదమో ముందే అంచనా వేసేవాణ్ని. జీతం పడిన రోజు, పని లేని ఆదివారం, పాత స్నేహితుడు ఫోన్ చేసిన సాయంత్రం. కోకాపేటలో లేచే టవర్లకు ఎంత ఇనుము, ఎంత సిమెంటు పడుతుందో లెక్కగట్టడం ఏ డిప్లొమా లేకుండా సొంతంగా నేర్చుకున్నాను. మనిషి తాగుడును కూడా అలాగే లెక్కగట్టవచ్చనుకున్నాను.

గోపన్‌పల్లిలో ఒక జిమ్ యజమాని పొద్దున్నే హాలును మాకు వదిలేవాడు. విడుదలైనవాళ్లు అక్కడ కసరత్తు చేసేవారు. వ్యసనం మాన్పించే డాక్టరు అప్పుడప్పుడూ వచ్చేవాడు. మళ్లీ తాగుడు వైపు పోకుండా ఒక్కొక్కరికి నాలాంటి తోడు ఒకరు. బరువు ఎత్తేవాడి తల దగ్గర నిలబడ్డ తోడు, అతను పిలిచేదాకా రాడ్డును ముట్టకూడదని కోచ్ నియమం. జిమ్ బయటా అదే పద్ధతి. అతని బదులు మనం మాట్లాడకూడదు.

నా వంతుకు వచ్చినవాడు పాలమూరు వైపు మనిషి, ఒకప్పుడు ఆఫీసు క్యాబ్ నడిపాడు. మత్తుమందు కలిపిన కల్లు తాగి ఒకరి తల పగలగొట్టి జైలుకు వెళ్లాడు. తిరిగొచ్చాక ముట్టలేదు. పిల్లలతో పుట్టింట్లో ఉంటున్న భార్య, మళ్లీ ఒక్క చుక్క తాగినా తాను రానని చెప్పింది. బోనాలకు మాత్రం అత్తగారింటికి వస్తానంది.

"బోనాలకు అమ్మింటికి పోవాల్నా సార్, వద్దా?" అని నన్ను అడిగాడు.

"వెళ్లయ్యా. అమ్మవారి ముందు ఎవరు తాగుతారు?"

అతను నా ముఖంలోకి వింతగా చూశాడు. "అయితే మీరు సుత రండి సార్" అన్నాడు.

వెళ్లాను. వాళ్ల అమ్మ ఉండే బస్తీకి మూడు వైపులా అపార్ట్‌మెంట్లు, మధ్యలో పోచమ్మ గుడి. డప్పుల మోతలో అతని భార్య బోనం ఎత్తుకుని గుడి ముందు నిలబడింది. అతని బావ నురుగు పొంగుతున్న కుండతో వచ్చాడు.

"అవేమిటండి, పాలా?" అని వాళ్లమ్మను అడిగాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పాలేంది సార్! కల్లు. తల్లికి సాక పొయ్యాలె, మిగిలింది ఇంటోళ్లం తీర్థం లెక్క పుచ్చుకోవాలె. మీ ఆంధ్రల ఉండదా గిట్ల?"

మా ఇంట్లో నేను చూడలేదు. ప్రమాదాలన్నీ కూడిన నా లెక్కలో అమ్మవారు లేరు.

బావ కుండ అతని ముందుకు చాపాడు. "పట్టు బామ్మర్దీ. ఇంటి కొడుకువి నువ్వే పొయ్యాలె. ఇన్నొద్దులు తల్లిని ఉపాసం పెట్టినవ్."

"పోస్త. నేనైతే పుచ్చుకోను బావా."

"జరంత నాలికకు రాసుకుంటే నీ కండలు కరిగిపోతయా ఏంది?"

చుట్టూ నవ్వారు. అతను నా వైపు చూశాడు. బావ ఆ చూపు పట్టేశాడు. "గా సార్ దిక్కు సూస్తవేంది? గాయన నీ జైలరా?"

వద్దు అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. అతను నన్ను పిలిచాడా, ఊరికే చూశాడా? తేల్చుకోలేక పళ్లు బిగబట్టాను. ఇంతలో అతని చూపు నన్ను దాటి భార్య దగ్గర ఆగింది. సాక పోసేదాకా ఆమె బోనం దించకూడదు. చెమటకు పసుపు కరిగి చెంపల మీదుగా కారుతోంది. ఆమె అతని ముఖం చూడటం లేదు, కుండనే చూస్తోంది.

అతను కుండ అందుకున్నాడు. అంచు మీది నురుగు వేళ్ల మీదికి జారింది. ఆ పులుపు వాసన నాదాకా కొట్టింది. వంగి గుడి గడప ముందు ధార పోశాడు.

"సాలు సాలు, ఇంటోళ్లకు ఉంచు" అంది వాళ్లమ్మ.

అతను ఆపలేదు. కుండ బోర్లించేశాడు. కల్లు మణికట్టు దాకా కారి, మట్టిలో ఇంకిపోయింది.

"అయ్యో, ఏం జేసినవ్‌రా!"

"నా వంతు గూడ తల్లే తాగనీ అమ్మా. నాకంటే ఆమెకే తాగి తట్టుకునే ఓపిక ఎక్కువ."

డప్పు కొట్టేవాడొకడు పక్కున నవ్వాడు. బావ నవ్వలేదు. ఖాళీ కుండ లాక్కుని వెళ్లిపోయాడు.

గండం గడిచిందని నేనింకా ఊపిరి పీల్చుకుంటుండగానే, అతను తడిసిన చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని గుంపులోంచి బయటికొచ్చాడు. నుదుటి చెమట తుడుచుకోవడానికి అదే చేయి ఎత్తాడు. పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఎంతసేపో చెప్పలేను. నాకప్పుడు లెక్క తోచలేదు.

బోనం లోపల అప్పగించి వచ్చిన భార్య అతని మోచేయి పట్టి గుడి పక్కనున్న నల్లా దగ్గరికి లాక్కెళ్లింది. నల్లా తిప్పి ఆ చేతిని నీళ్ల కింద పెట్టింది.

"ఇంటికి వస్తవా?" అన్నాడు.

"ముందు సక్కగ కడుగు. వాసన ఇంక పోలే."

అతను రుద్దుతూనే ఉన్నాడు. ఆమె నల్లా కట్టేయలేదు.