లోపం ముందు రాసేవాడు

మా బావ పోయాడు. పోయిన నెల మొదటి మంగళవారం పొద్దున. రోజూ ఆరింటికి మా ఇంటావిడ పిట్టగోడ మీంచి కాఫీ గ్లాసు అందిస్తుంది, అవతల నుంచి ఆయన చెయ్యి వచ్చి అందుకుంటుంది. ఆరోజు "అన్నయ్యా" అని రెండుసార్లు పిలిచింది. చెయ్యి రాలేదు. నేను వెళ్లి చూస్తే ఆయన పని చేసుకునే షెడ్డులో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. బాధపడకుండా పోయాడని వచ్చినవాళ్లందరూ అన్నారు. అది నిజమే.

నేను చదువుకున్నవాణ్ని కాదు. ముప్పై ఎనిమిదేళ్లు లారీ నడిపాను. ప్రత్తిపాడు నుంచి మిర్చి, పత్తి ఎత్తుకుని తిరగని ఊరు లేదు. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే మా బావ దగ్గర వచ్చినవే. ఆయన లారీలకి పేర్లూ నంబర్లూ రాసే పెయింటరు. ఒకసారి నా లారీ తలుపు మీద రాస్తూ రాస్తూ నన్ను పిలిచి, "ఇది ఒ. పక్కన సున్నా. ఇది గో. ఇది లు. ఏమైంది?" అని అడిగాడు.

"ఒంగోలు," అన్నాను.

"ఇక దారి తప్పవు, పో."

అలా ఊళ్ల పేర్లతో చదవడం వచ్చింది. అందుకే ఆయన గురించి పత్రికకి నేనే రాస్తానన్నాను. ఆయన కూతురు, మా మేనకోడలు, ఒంగోలులో టీచరు. "నువ్వు చెప్పు మామయ్యా, నేను రాసిపెడతాను" అంది. అక్కర్లేదన్నాను. తప్పులుంటే పత్రికవాళ్లు దిద్దుకుంటారు.

ఆయన నాకు మేనమామ కొడుకు. తర్వాత ఆయన చెల్లెల్నే నేను చేసుకున్నాను. ఆయనిల్లూ మాయిల్లూ పక్కపక్కనే, మధ్యన ఒక పిట్టగోడ. ఈ ఊళ్లో ఆయన్ని పెయింటరుగా తెలిసినవాళ్లే ఎక్కువ. చివరి పదేళ్లు ఏం చేశాడో పైఊళ్లవాళ్లకి తెలిసినంత మనవాళ్లకి తెలియదు. ఆయన చిన్న కార్లు చేశాడు. బొమ్మలంటే ఒప్పుకునేవాడు కాదు. "బొమ్మ అయితే పిల్లలు విరగ్గొడతారు. ఇది నమూనా" అనేవాడు. జానెడు పొడుగుండేది ఒక్కోటి. రేకు కత్తిరించి, వంచి, అతికి చేసేవాడు. తలుపులు తెరుచుకునేవి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగేవి. హెడ్‌లైట్లకి ఇంజక్షన్ సీసాల అడుగులు, టైర్లకి పాత హవాయి చెప్పులు, సీట్లకి మా ఇంటావిడ పాత జాకెట్లు. ఒక్క కారుకి నాలుగైదు నెలలు కూర్చునేవాడు.

"బతుకంతా లారీల మీద గడిచింది కదా, లారీ చెయ్యవేం బావా?" అని ఒకసారి అడిగాను.

"లారీ నువ్వు నడిపావు, నేను రాశాను. కారే మనిద్దరికీ దొరకలేదు" అన్నాడు.

వాటిని అమ్మడం మా మేనకోడలు నేర్పింది. ఫోనులో ఒక వేలం సైటు ఉంది. కారు ఫొటోలు పెట్టాలి. ఏడురోజులు గడువు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పాట ముగుస్తుంది, ఎక్కువ పాడినవాడికి కారు. మన చెరువు పాటలాంటిదే, కాకపోతే ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు. కొన్నవాళ్లు సరుకు చూసుకుని నక్షత్రాలు పెడతారు. ఐదు పెడితే బాగున్నట్టు. మా బావకి ఐదుకి తక్కువ ఎవరూ పెట్టలేదు. దానికి కారణం ఉంది.

ఆయన కారు గొప్పతనం రాసేవాడు కాదు. ముందు లోపాలు రాసేవాడు. ఎడమ వెనక తలుపు గట్టిగా నొక్కితే గాని పడదు. టాపు మీద రంగు ఒకచోట పలచగా ఉంది. అలా. లేని లోపాన్ని కూడా వెతికేవాడేమో అనిపించేది. "ఎందుకు నీ సరుకుని నువ్వే చెడగొట్టుకుంటావు?" అంటే, "నేను చెబితే అది లోపంగానే ఉంటది. వాడు కనిపెడితే నేను దొంగనవుతా" అనేవాడు. కారుని దూదిలో పెట్టి పంపేవాడు. దూదికి పత్తి మిల్లు దగ్గర. షెడ్డుకి అవతలే మిర్చి కళ్లం. పూణేలో ఒకావిడ కారు అందుకుని, "చాలా బాగుంది, కాని పెట్టె విప్పగానే ఇంట్లో అందరం తుమ్మాం" అని రాసి ఐదు నక్షత్రాలు పెట్టింది. ఆ తర్వాతి కారు నుంచి లోపాల్లో ఇంకోటి చేరింది. పెట్టెకి మిర్చి ఘాటు ఉంటుంది, దూరంగా పెట్టి విప్పండి అని.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. అది చెప్పకుండా ఆయన గురించి రాస్తే లోపం దాచి అమ్మినట్టే.

మా చిన్నప్పుడు ఊళ్లోకి ఒక డాక్టరుగారి అంబాసిడర్ వచ్చేది. బూడిదరంగు. వెనక బంపరుకి సొట్ట. దాని వెంట మేమిద్దరం పరిగెత్తేవాళ్లం. మూడేళ్ల కిందట మా బావ ఆ కారు చేశాడు. ఎనిమిది నెలలు పట్టింది. సొట్టతో సహా చేశాడు. లోపాల్లో, "బంపరు సొట్ట కావాలని పెట్టింది" అని రాశాడు. అంత పని ఆయన ఇంకే కారుకీ చేయలేదు.

ఆదివారం వచ్చింది. సాయంత్రం ఐదయినా ఒకే ఒక్క పాట. నాగపూర్ నుంచి ఎవరో రిటైరైన స్టేషన్ మాస్టరు, మొదటి ధరకే పాడి కూర్చున్నాడు. మా బావ షెడ్డులో తన పని తాను చేసుకుంటున్నాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. మన దగ్గర చింతచెట్ల పాట గాని, పాత ట్రాక్టరు పాట గాని, మనవాడి సరుకు తక్కువకి పోతుంటే మనవాళ్లు ఊరుకుంటారా? ఇద్దరు ముగ్గురు కలగజేసుకుని పాట పెంచుతారు. అలా పెంచనివాణ్ని మనిషిగా చూడరు. నేను మా ఇంటావిడ ఫోను తీసుకున్నాను. "ఏం చేస్తున్నావు?" అంది. "మీ అన్న పరువు నిలబెడుతున్నా" అన్నాను. అక్షరాలు ఎలా ఉన్నా అంకెలు నాకు బాగా వచ్చు. పాడాను. నాగపూరాయన పెంచాడు. నేను పెంచాను. ఆరుకి రెండు నిమిషాలుందనగా ఆయన ఆగిపోయాడు. గెలిచానని మీసం తిప్పాను. గెలిచినవాడే కొనాలన్న సంగతి మా ఇంటావిడ చెప్పేదాకా తట్టలేదు.

మర్నాడు పొద్దున కాఫీ వేళకి గోడ మీద మా బావ తల లేచింది.

"ఏరా బావా, మా చెల్లెలి పేరుగలావిడ ఎవరో కారు పాడుకుంది."

"ఆ పేరుతో బోలెడుమంది ఉంటారు."

"ఇంటిపేరు కూడా మీదే."

"మా ఇంటిపేరువాళ్లు జిల్లా అంతా ఉన్నారు."

"పిన్‌కోడు మనదే. వీధి మనదే. ఇంటి నంబరు నా పక్కది. ఎవరంటావు?"

ఆయన కాఫీ తాగి గ్లాసు గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సైటువాళ్ల దగ్గర నుంచి మెయిలు వచ్చింది. ఆయన ఇంట్లో పెట్టించుకున్న నెట్టే మా వసారా దాకా వచ్చేది, మా ఇంటావిడ ఫోనుకీ అదే. అమ్మేవాడూ పాడేవాడూ ఒక్క ఇంటివాళ్లేనని, ఇది మోసమని, విచారణ అయ్యేదాకా ఆయన పేరు ఆపేస్తున్నామని దానిలో ఉంది. అన్నేళ్ల నక్షత్రాలూ ఒక్కరోజులో కనపడకుండా పోయాయి. లోపం దాచనివాడు ఆయన. ఆయన పేరు పక్కన మోసం అన్న మాట పడింది, నా వల్ల.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం తీసుకునేవాడు. పన్నెండో రోజు గోడ దగ్గర నిలబడి, సైటువాళ్లకి రాసిన జాబు చదివి వినిపించాడు. కూతురు దాన్ని ఇంగ్లీషు చేసి పంపింది. నాకు గుర్తున్నంతవరకు అందులో ఇలా ఉంది. "ఈ పాటలో లోపాలు. పాట పెంచినవాడు నా బావ, నా పక్కింట్లో ఉంటాడు. మా ఊళ్లో మనవాడి సరుకుకి పాట పెంచడాన్ని మర్యాద అంటారు. మీ దగ్గర దాన్ని మోసం అంటారని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. ఆయనకి ముందే చెప్పకపోవడం నా లోపం."

చివరి మాట విన్నాక నేను తల దించుకున్నాను. నేను తల దించుకునే రకం కాదని నన్ను తెలిసినవాళ్లకి తెలుసు.

అక్కడితో వదల్లేదు. కూతురు చేత నంబరు కనుక్కుని నాగపూరాయనకి ఫోను చేసి నా చేతికిచ్చాడు. "నాకు హిందీ రాదు. పాడింది నువ్వేగా, నువ్వే మాట్లాడు." లారీ మీద నేర్చుకున్న హిందీలో జరిగింది చెప్పాను. ఆయన, "అలాంటి కారులోనే మా నాన్న నన్ను బడికి పంపేవాడు. మీరు ఆపకుండా పాడుతుంటే నాకు శక్తి లేక మానుకున్నాను" అన్నాడు. గల్తీ హో గయీ, మాఫ్ కరో అన్నాను. ఆయన మొదట పాడిన ధరకే కారు పంపిస్తామని చెప్పాను. ఫోను పెట్టేశాక మా బావ నవ్వాడు.

"హిందీలో చెప్పినా అర్థమైందిలే. తెలుగులో ఎప్పుడు చెబుతావు?"

"నీకు చెప్పేదేంటి?" అన్నాను. నా పొగరు నాది.

రెండు నెలలకి సైటువాళ్లు ఆయన పేరు తిరిగి ఇచ్చారు. నక్షత్రాలూ వచ్చాయి. నాగపూరాయన ఇంకో ఐదు కలిపాడు. మా బావ మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తెలుగులో చెప్పలేదు. ఆయన నేర్పిన అక్షరాలతో ఇక్కడ రాస్తున్నాను. తప్పు నాది బావా.

పోయేనాటికి ఇంకో కారు దాదాపు తయారైంది. మీగడరంగుది. ఈ నెల మొదటి ఆదివారం పాట ముగిసేటట్టు పెడతానని సైటులో ముందే రాసుకున్నాడు. కర్మ అయ్యాక మా మేనకోడలు, "ఇది మనమే ఉంచుకుందామా మామయ్యా?" అంది. మాట ఇచ్చిన రోజుకి పెట్టాల్సిందేనన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ కారుని పూటంతా చూశాను. తలుపులు తీశాను, వేశాను. స్టీరింగు తిప్పాను. లోపాలు నేనే చెప్పాను, ఆ పిల్ల ఎక్కించింది. వెనక ఎర్రదీపం ఒకటి బిగించలేదు. చేసినాయన పోయాడు, కూతురు అమ్ముతోంది. ఏదన్నా ఊడితే బాగుచేసేవాళ్లు లేరు. పెట్టెకి మిర్చి ఘాటు ఉంటుంది.

మొన్న ఆదివారం సాయంత్రం వసారాలో నవారు మంచం మీద కూర్చున్నాం. ఫోను మా ఇంటావిడ చేతిలో ఉంది.

"ఒక్కటే పాట. ఆ నాగపూరాయనదే," అంది.

"ఉండనీ."

"పావుగంటే ఉంది. ఎవరూ పాడట్లేదు. అన్నయ్య ఆఖరి కారు."

"ఉండనీ అన్నానా."

నాకు తెలియకుండానే చెయ్యి ఫోనువైపు వెళ్లబోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. ఎదురుగా పిట్టగోడ. పొద్దున్న కాఫీ గ్లాసు పెట్టేచోట సున్నం పోయి గుండ్రంగా మచ్చ పడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఆరైంది. ఆయనకే వచ్చింది," అంది మా ఇంటావిడ.

అప్పుడు చేతులు బయటికి తీశాను. తిమ్మిరెక్కిపోయాయి. రెండు అరచేతుల నిండా నవారు గీతలు.