ఖాళీగా ఉంచిన దిబ్బ

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, వైశాఖమాసం ఎండల్లో, జిల్లా కేంద్రంలో కొత్తగా తెరిచిన ఒక భూసేకరణ విభాగానికి నన్ను స్పెషల్ డిప్యూటీ తహసీల్దారుగా బదిలీ చేశారు. స్పెషల్ అన్న మాట చూసి మోసపోకండి. మా రెవెన్యూ శాఖలో స్పెషల్ అంటే పని ఉంటుంది, జీపు ఉండదు. సామర్లకోటలో మా ఇంటి నుంచి రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్ళి, అక్కడి నుంచి ఊళ్ళకి ఆటోలో తిరిగేదాన్ని.

ఉప్పాడ దాటాక తీరం వెంబడి ఒక విదేశీ కంపెనీ పెట్టుబడితో రేవు కడతారనీ, రేవు వెనక ఫ్యాక్టరీలు వస్తాయనీ చెప్పారు. కంపెనీ ఏ దేశానిదో రాయను. ఊరి అసలు పేరు కూడా రాయను, దిబ్బపేట అనుకుందాం. ప్రాజెక్టు ఎలా ఉండబోతోందో చూపించే రంగుల బొమ్మ ఒకటి మా ఆఫీసు గోడకి తగిలించారు. అందులో సముద్రం నీలంగా ఉంది, పచ్చగడ్డి ఉంది, ఓడలున్నాయి. మనుషులు మాత్రం లేరు. ఆ బొమ్మ గీసినవాడు నిజాయితీపరుడని నాకు తరవాత అర్థమైంది.

మా పని గురించి కొంచెం చెప్పాలి. పట్టా భూమి కావాలంటే ప్రభుత్వం దాన్ని సేకరిస్తుంది. నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, పరిహారం కట్టాలి. ప్రభుత్వ బంజరైతే ఈ బాధలేవీ లేవు. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి బదలాయిస్తే సరిపోతుంది. అయితే ఆ బంజరులో ఎవరైనా ఇల్లు కట్టుకునో, తోట వేసుకునో ఉంటే వాళ్ళని ఆక్రమణదారులు అంటాం. చట్టం ప్రకారం తప్పు చేసినవాళ్ళే. ఏటా జరిమానా వేస్తాం. ఆ జరిమానా రసీదుని వాళ్ళు దేవుడి పటం వెనక భద్రంగా దాచుకుంటారు, ఎందుకంటే రేపు ప్రభుత్వం ఆ భూమి తీసుకుంటే జాలి తలచి ఎంతో కొంత సొమ్మూ, ఇంకోచోట ఇంటి స్థలమూ ఇచ్చేది వాళ్ళకే. రసీదు లేకపోయినా, ప్రాజెక్టు నోటిఫికేషన్ నాటికి అక్కడ మనిషి అనుభవం, అంటే వాడకం, ఉందని తనిఖీలో తేలితే చాలు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇది చెబితే నవ్వేవారు. చాలాకాలం నేనూ నవ్వాను.

దిబ్బపేట మత్స్యకారుల ఊరు. సముద్రానికి ఎదురుగా ఇళ్ళ వరసలు, ఆ ఇళ్ళ వెనక పెద్ద ఇసుక దిబ్బ. దిబ్బ నిండా సరుగుడు చెట్లు, అంచున మొగలి పొదలు, అవతల వైపు ఉప్పుటేరు ఒడ్డున మడచెట్లు. రికార్డుల్లో ఆ దిబ్బంతా ప్రభుత్వ బంజరు. అది ఎవరి అనుభవంలో ఉందో చూసి, ఊరి పెద్దల సమక్షంలో పంచనామా రాసి, పై అధికారికి పంపడం నా పని.

మొదటిసారి వెళ్ళినప్పుడు కులపెద్ద నూకరాజు నన్ను దిబ్బ మీదికి తీసుకెళ్ళాడు. అరవై ఏళ్ళ మనిషి. చెవికి పోగు, భుజాన తుండు. ఇందులో ఎవరుంటున్నారని అడిగాను.

"ఎవరూ ఉండరండి. ఉండకూడదండి," అన్నాడు. "సంద్రం తిన్నప్పుడల్లా ముందు వరసోళ్ళు లేచి ఈ దిబ్బెక్కుతారండి. ఆళ్ళే ఎనక వరసౌతారు. మళ్ళీ సంద్రం వత్తే మిగిలినోళ్ళు ఎక్కుతారు. మా తాత పుట్టిన ఇల్లు అదిగో, అక్కడండి."

అతను చెయ్యి చూపించిన చోట అలలు తప్ప ఏమీ లేవు.

తరవాత వివరంగా చెప్పాడు. సముద్రం మీదికొచ్చినప్పుడు ముందు అమ్మవారి రాయిని జరుపుతారు. ఆ వెనక ఇళ్ళు జరుగుతాయి. వంతు రాకుండా దిబ్బ మీద ఎవరూ ఇంటి గుంజ పాతకూడదు. పాతితే తప్పు కట్టించి పీకించేస్తారు. చాలా ఏళ్ళ క్రితం నూకరాజు సొంత తమ్ముడే వలలు పెట్టుకోడానికని చిన్న పాక వేశాడు. నూకరాజే స్వయంగా వెళ్ళి పీకేశాడు. తమ్ముడు పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని విశాఖపట్నం వెళ్ళిపోయాడు, ఆనాటి నుంచీ అన్నతో మాట లేదు. ఇదంతా నూకరాజు ఎంతో గర్వంగా చెప్పాడు. కానీ ఆ ఊరు ప్రాణంలా కాపాడుకుంటున్న నేల నా కాగితాల్లో 'ఎవరి అనుభవంలోనూ లేదు' అవుతుంది. అలాంటి భూమే అన్నిటికన్నా ముందు పోతుంది.

అదే తీరంలో రోడ్డుకి దగ్గరగా ఇంకో బంజరు ఉంది. రేవు వస్తోందన్న వార్త పొక్కగానే పట్నం నుంచి ఎవరెవరో దిగి అక్కడ పాకలు లేపారు. ఏ పాకలోంచీ పొయ్యి పొగ రాదు. జీడిమామిడి మొక్కలు నాటారు, వాటి వేళ్ళకి నర్సరీ సంచులు ఇంకా ఊడలేదు. ఏ ఎండకా గొడుగు పట్టడం తెలిసినవాళ్ళు.

మా శాఖా, కంపెనీ కలిసి చేసే ఉమ్మడి తనిఖీకి ముందు నేను దిబ్బపేటకి మళ్ళీ వెళ్ళాను. ఉద్యోగంలో ఉన్న మనిషి అనకూడని మాట నూకరాజుతో అన్నాను. తనిఖీ నాటికి దిబ్బ మీద పాకలు కనబడాలి. వలలు ఆరేసే గుంజలు కనబడాలి, మేకలు కట్టేసి ఉండాలి. మనిషి జాడ ఏదైనా ఉంటే నేను రాయగలను. అది లేకపోతే నా చేతిలో ఏమీ లేదు.

అతను భుజాన ఉన్న తుండు తీసి మొహం తుడుచుకున్నాడు.

"తప్పు సేసినోడికి సోటిత్తారు, సెయ్యనోడికి ఇవ్వరు. అంతేనాండి?"

అంతేనన్నాను.

"తమ్ముడి పాక పీకిన సేత్తో నేనే పాకెయ్యమంటారు. ఒకడేత్తే పదిమందేత్తారండి. ఈ దిబ్బంతా ఇళ్ళైపోతే, రేపు సంద్రం వత్తే ముందు వరసోళ్ళు ఎక్కడికెల్తారండి?"

అతను చెప్పినదాంట్లో తప్పు వెతకడం ఈనాటికీ నాకు చేతకావడం లేదు. ఊళ్ళో అందరి ముందూ పెట్టి చెబుతానని అన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ రోజు నేను ఆటో ఎక్కాక దారిపొడుగునా ఎవరి మీద కోప్పడాలో తెలియక డ్రైవరు మీద కోప్పడ్డాను.

తనిఖీ రోజున మా స్పెషల్ డిప్యూటీ కలెక్టరు గారు, కంపెనీ తాలూకు ఇద్దరు మనుషులు, తెల్ల హెల్మెట్ పెట్టుకున్న ఒక విదేశీ ఇంజనీరు కార్లలో వచ్చారు. నేను వాళ్ళ వెనకే దిబ్బ ఎక్కాను. ఎక్కి చూసి నిలబడిపోయాను.

దిబ్బంతా ఊడ్చి ఉంది. ఊరి ఆడవాళ్ళు తెల్లారకుండా లేచి సరుగుడు ఆకు కూడా లేకుండా ఊడ్చేశారు. మొదటిసారి వచ్చినప్పుడు ఒక మూల వల ఆరేసిన నాలుగు గుంజలు చూశాను. అవి కూడా పీకేసి గుంటలు పూడ్చేశారు. దిబ్బ మొదట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టారు. తప్పు చేసి దొంగ హక్కు తెచ్చుకోవడం కన్నా, తరతరాలుగా నియమం తప్పలేదని ఆఫీసర్లకి కళ్ళారా చూపిస్తే అదే తమ హక్కవుతుందని ఊరంతా కూర్చుని తీర్మానించుకున్నారట. ఇలాంటి పొరపాటు ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో? దిబ్బపేటవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు.

నూకరాజు ఉతికిన పంచె కట్టుకుని ఎదురొచ్చాడు. "సూడండి బాబూ, మా తాతల కాణ్ణించీ ఇక్కడ ఒక్క మేకు కొట్టలేదండి," అన్నాడు.

డిప్యూటీ కలెక్టరు గారు ఎంతో సంతోషించారు. ఇంతగా సహకరించిన గ్రామాన్ని తాను చూడలేదన్నారు. కంపెనీ మనుషులు ఫొటోలు తీసుకున్నారు. విదేశీ ఇంజనీరు నూకరాజుతో చెయ్యి కలిపి, ఇంగ్లీషులో ఏదో మెచ్చుకున్నాడు. నూకరాజు నావైపు తిరిగి నవ్వాడు. చూశారా, మనం గెలిచాం అన్నట్టు ఉంది ఆ నవ్వు. నేను తలదించుకుని పంచనామా రాయడం మొదలుపెట్టాను.

రాయగలిగింది రాశాను. ఈ స్థలం సముద్రపు కోత వచ్చినప్పుడు గ్రామం తరలడానికి ఉమ్మడిగా విడిచిపెట్టుకున్నదని, దీన్ని బదలాయిస్తే గ్రామానికి వేరే చోటు లేదని రాశాను. మర్నాడు డిప్యూటీ కలెక్టరు గారు పిలిచారు. ఆయన చెడ్డవారు కారు. మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, విడిచిపెట్టడమంటే అనుభవంలో లేనట్టే కదా. మీ చేత్తో మీరే రాసిచ్చారు," అన్నారు. కనీసం కొంత భాగమైనా ఇళ్ళ స్థలాలకి మినహాయించమని విడిగా నోట్ పెట్టాను. సముద్రం కోసినప్పుడు విపత్తుల శాఖ చూసుకుంటుందని జవాబు వచ్చింది. ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పుకోడానికి ఆఫీసుకి వచ్చారు. ప్రభుత్వ భూమి మీద అభ్యంతరం చెప్పాలంటే ముందు దాని మీద ఏదో ఒక హక్కు ఉండాలి. వాళ్ళకి అది లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, బస్సు టైమైందని లేచి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు వానలకి ముందే పొక్లెయిన్లు దిగాయి. సరుగుడు తోపు పడింది, మొగలి పొదలు పోయాయి, ఏటి ఒడ్డు మడచెట్లు వేళ్ళతో సహా లేచాయి. దిబ్బని తవ్వి, ఆ ఇసుకతోనే ఏటి పల్లాన్ని పూడ్చారు. నేల చదునయ్యాక చుట్టూ ఎత్తుగా ప్రహరీ కట్టారు. రోడ్డు పక్క పాకలవాళ్ళకి ఇంటి స్థలాలు వచ్చాయి. నర్సరీ సంచుల జీడిమామిడి మొక్కలకి కూడా లెక్క కట్టారు. ఆ ఫైలు నా బల్ల మీదుగానే వెళ్ళింది. నిబంధనల ప్రకారం అందులో ఒక్క తప్పు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఒళ్ళు మండితే రాయడానికి మా ఫైళ్ళలో చోటుండదు.

రిటైరైన తరవాత ఒకసారి మా చెల్లెలితో ఉప్పాడకి చీర కొనడానికి వెళ్ళాను. చీర కొన్నాక చెల్లెల్ని బస్సెక్కించి, నేను దిబ్బపేటకి ఆటో మాట్లాడుకున్నాను.

రేవు రాలేదు, ఫ్యాక్టరీలూ రాలేదు. విదేశీ కంపెనీ లెక్కలు మారి తన వాటా ఇంకెవరికో అమ్ముకుని వెళ్ళిపోయిందట. గోడ మాత్రం ఉంది. గేటు సందులోంచి చూస్తే లోపల గడ్డి, ముళ్ళకంపలు, కుర్చీలో కూర్చున్న ఒక వాచ్‌మన్. ఒక ఊరు తరతరాలు ఖాళీగా ఉంచితే పనికిరాని భూమన్నాం. ఇప్పుడు కంపెనీ ఖాళీగా ఉంచితే దాన్ని పెట్టుబడి అంటున్నాం.

దిబ్బ లేకపోయేసరికి గాలికీ అలకీ అడ్డు లేదు. ఒక్క తుఫానుకి ముందు వరస ఇళ్ళు కూలిపోయాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఇక్కడ ముందు సముద్రం, వెనక గోడ. ఆ కూలిన ఇళ్ళవాళ్ళు ప్రహరీని ఆనుకుని టార్పాలిన్ పాకలు వేసుకున్నారు. అమ్మవారి రాయిని కూడా తెచ్చి గోడకే ఆనించారు. అక్కడి నుంచి ఇంక జరపడానికి చోటు లేదు.

నూకరాజు పాక కూడా అక్కడే ఉంది. బాగా నీరసించాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ తెప్పించాడు. మాటల్లో తమ్ముడి కబురు అడిగాను.

"ఇన్నేళ్ళకి ఫోన్ సేసేడండి. ఇల్లు పడిందని ఎవరో సెప్పేరంట. ఏదో అంటాడనుకున్నానండి. నవ్వేడు. అంతే, పెట్టేసేడు."

తరవాత పాక చూరులో మడిచి పెట్టిన కాగితం తీసి నాకిచ్చాడు. గోడ పక్క స్థలం కంపెనీకి రోడ్డు కోసం కేటాయించినదనీ, అక్కడ పాకలు వేసుకున్న ఆక్రమణదారులు వెంటనే ఖాళీ చెయ్యాలనీ నోటీసు. కింద మా శాఖ ముద్ర. అందులో ఏముందో వీఆర్వో అప్పటికే చదివి చెప్పాడట. నూకరాజు నన్ను అడగాలనుకున్నది వేరే.

"మేడంగోరూ, అప్పుడు మీరు పాకలెయ్యమన్నది దీనికే కదండీ? ఇప్పుడు మేమూ ఆక్రమణదారులమే. కాయితంలో రాసేరు కూడాను. మరి ఇప్పుడు మాకు ఇంటి సోటు ఇత్తారాండి?"

అతని గొంతులో వెటకారం ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నోటిఫికేషన్ ఇచ్చిన నాటికి అక్కడున్నవాళ్ళకే ఆ సదుపాయమనీ, తరవాత వేసిన పాకలకి వర్తించదనీ చెప్పాను. నా ఉద్యోగంలో ఈ వాక్యం ఎంతోమందికి చెప్పాను. రిటైరయ్యాక చెప్పింది అతనొక్కడికే.

"ఆయ్," అన్నాడు. కాగితం మళ్ళీ మడిచి చూరులో పెట్టాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. తాగి వచ్చేశాను.

రెవెన్యూ శాఖలో పనిచేసి నేను నేర్చుకున్నది ఇది. భూమిని పట్టుకున్నవాడికి మా నిబంధనల్లో ఒక గడి ఉంది. తప్పుగా పట్టుకున్నవాడికీ ఒక గడి ఉంది. పట్టుకోగలిగి కూడా తన వంతు వచ్చేదాకా ఆగినవాడికి లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు అడిగితే, తనిఖీలో శుభ్రంగా ఊడ్చిన నేల కనిపిస్తే దాన్ని ఎవరు ఊడ్చారో, ఎందుకు ఊడ్చారో కనుక్కోమని చెబుతాను. కనుక్కున్నాక అది రాయడానికి చోటు దొరకదని కూడా చెబుతాను.