చిన్నక్క చేను మీద విమానం

కొత్తగూడెంలో నా టీవీ రిపేరు షాపు పక్క గదే ముత్యాలు ఫొటో స్టూడియో. అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి వచ్చి, పెళ్లి ఫొటోలు తీసుకుని బతికేవాడు. మహా మొండి మనిషి. ఒకటి పట్టుకున్నాడంటే తాను వదలడు, పక్కవాణ్ని వదలనివ్వడు.

అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు భూములకు పట్టాలిస్తామని సర్కారు దరఖాస్తులు తీసుకుంటున్న రోజులవి, 2008లో. ముత్యాలు అక్క చిన్నక్కకు మొగుడు పోయాక పోడు చేనే ఆధారం. ఉపగ్రహం తీసిన ఫొటోలో అక్కడ అడవే ఉంది, చేను లేదు పొమ్మన్నారు సర్వేకి వచ్చినవాళ్లు. ఆఫీసరు ముందు జరిగే విచారణలో అది తప్పని చూపించలేకపోతే భూమి పోయినట్టే.

"ఆల్లు గంత దూరం నుంచి తీసిన్రు. నేను దగ్గర నుంచి తీస్త," అన్నాడు ముత్యాలు. దగ్గర నుంచి అంటే రిమోటుతో ఎగిరే బొమ్మ విమానంతో అని తెలిశాక నాకు నవ్వాగలేదు.

నవ్వినా, పని నా నెత్తినే పడింది. హైదరాబాదులో అలాంటివి అమ్మే షాపులో పూటంతా నిలబడ్డాం. ముత్యాలు కన్ను నూనె ఇంజిను విమానం మీద పడింది. చూడ్డానికి సోకుగా ఉంది, రయ్యిమని పోతుంది. ఆ అదురుకి ఫొటో అలికినట్టు వస్తుందని నేనే వద్దన్నాను. కర్ర రెక్కలది ఇంకోటి చూపించారు. అది చెట్టుకు తగిలితే పొయ్యిలోకే. చివరికి థర్మాకోల్ లాంటి తేలిక సరుకుతో చేసినది తీసుకున్నాం. బ్యాటరీతో నింపాదిగా తేలుతుంది, విరిగితే టేపు వేసుకోవచ్చు. ఫ్యాను వెనకాల ఉంది కాబట్టి కెమెరాకు అడ్డం రాదు. దాని పొట్టకు చిన్న డిజిటల్ కెమెరా కట్టి, మీట నొక్కడానికి బుల్లి మోటారు బిగించాను.

పైరు నిండుగా ఉన్నప్పుడే ఎగరేయాలని ముత్యాలు పట్టుబట్టాడు. రెండుసార్లు కూలింది. మూడోసారి గూడెమంతా తలెత్తి చూస్తుండగా చేను మీద చక్కర్లు కొట్టి దిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు పులకరించింది.

కంప్యూటర్లో ఫొటోను పెద్దది చేసి ఇద్దరం చేను కోసం వెతికాం, దొరకలేదు. కోయవాళ్లు పోడు కొట్టినా ఇప్పచెట్టును ముట్టరు. పువ్వూ గింజా ఇచ్చే చెట్టు మరి. చిన్నక్క చేను నిండా అవే. కింద నిలబడితే మొక్కజొన్న కనిపిస్తుంది. పైనుంచి చూస్తే గుబురు కొమ్మలే, సందుల్లోని పైరు కూడా పొదల్లాగే ఉంది. ఆకు రాలాక తీస్తే నేలన్నా కనిపించేది, కానీ అప్పటిదాకా విచారణ ఆగదు.

చదువు రాని చిన్నక్క మాత్రం ఫొటో చూసి మురిసిపోయింది. ఏ చెట్టు ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూపించింది. దాన్ని విచారణకు తేవద్దని చెప్పడానికి ముత్యాలుకు నోరు రాలేదు.

విచారణ రోజు ముత్యాలు తల వంచుకునే కూర్చున్నాడు. చిన్నక్కే కొంగులోంచి ఫొటో తీసి ఆఫీసరుకిచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు, చాలాసేపు చూశాడు. "మా ఫొటో కంటే మీదే సాఫ్‌గ ఉన్నది," అని మెల్లగా ముత్యాలుతో అని, అక్కడ అడవే ఉందని రాసి దరఖాస్తు కొట్టేసిన కాగితానికి దాన్నే పిన్ను చేయించాడు. నాకు కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు.

తిరుగు బస్సులో చిన్నక్క తమ్ముడి వైపు ఒరిగింది.

"సారు ఫొటో ఉంచుకున్నడంటే మన చేను మనకే ఉంటది గద తమ్మీ?"

"అవ్ అక్కా," అన్నాడు ముత్యాలు.