మూలకాలకు సున్నా వేసిన నోట్సు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జూన్‌లో జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలకు కెమిస్ట్రీ లెక్చరర్‌గా బదిలీ అయ్యాను. కిటికీ రెక్కలు సరిగా పడని ఆ స్టాఫ్ రూమ్ గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. నేను చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే బయటపడింది.

పదార్థంలోని కణాలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చెప్పే కొలత ఎంట్రోపీ. రసాయన చర్యలో అది ఎంత మారిందో తెలియాలంటే, పుస్తకం చివరి పట్టిక చూసి, కొత్తగా ఏర్పడిన పదార్థాల విలువల్లోంచి మొదటి పదార్థాల విలువలు తీసేయాలి.

ఆ ఏడాది ఇంటర్నల్ పరీక్షలో నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్యకు ఎంట్రోపీ మార్పు లెక్క ఇచ్చాను. క్లాసంతా ప్లస్ 385 రాసింది. నర్సింహులపేట నుంచి బస్సులో వచ్చే రాధ మాత్రం మైనస్ 199 రాసింది. అడ్డంగా గీత కొట్టాను. ఆ అమ్మాయి రెండు మార్కుల తేడాతో ఫెయిలైంది. ఫెయిలైతే చదువు మాన్పించి కూలికి తీసుకుపోతామని ఇంట్లో ముందే చెప్పారట.

మరునాడు స్టాఫ్ రూమ్‌కు పేపరు పట్టుకొచ్చింది.

"నాలుగు మోల్స్ గ్యాసు రెండు మోల్స్ అయితున్నది గద సార్. ఎంట్రోపీ ఎట్ల పెరుగుతది?"

నేను రాయించిన నోట్సు చూడలేదా అని కసిరాను.

"చూసిన సార్. నైట్రోజన్‌కు, హైడ్రోజన్‌కు సున్నా అని ఉంది. పట్టికల గట్ల లేదు."

పట్టిక తెరిచాను. నైట్రోజన్ 191.6, హైడ్రోజన్ 130.7. వీటిని తీసేయకపోవడం వల్లే క్లాసంతటికీ అమ్మోనియా విలువ 385 అలాగే మిగిలింది. మూలకాలకు సున్నా వేసేది ఎంథాల్పీ లెక్కల్లో, అంటే చర్యలో వెలువడే వేడిని లెక్కగట్టేటప్పుడు. ఎంట్రోపీ సున్నా అయ్యేది పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర. అక్కడి నుంచి గది ఉష్ణోగ్రత దాకా పదార్థం తీసుకున్న వేడిని, అంచెలంచెలుగా, అప్పటి ఉష్ణోగ్రతతో భాగించి కూడుతూ పోతే పట్టికలోని విలువ వస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు. పక్క పాఠంలోని వాక్యం నోట్సులోకి ఎక్కించేసి మళ్లీ ఆ పేజీ వంక చూడలేదు. తల కొట్టేసినట్లయింది.

రాధకు మార్కులు వేసి, క్లాసులో తప్పు ఒప్పుకున్నాను.

"మీరు చెప్పిందే రాసినం గద సార్, మా మార్కులు కోస్తరా?" అన్నారు వెనక బెంచీ వాళ్లు. కోయలేదు.

రాధ డిగ్రీ పూర్తి చేసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, క్లాసులో ఒక్కరి జవాబే వేరుగా వస్తే, ముందు నా నోట్సునే పట్టికతో సరిచూసుకునేవాణ్ణి.