రెండు పేర్ల చిన్నాయన

పోయిన నెల ఒక పొద్దున గొల్లపల్లిలో మా చిన్నాయన ఇంటికి దుబాయి నుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి ఒక పేరు చెప్పి, ఆయన గుండె ఆగి చనిపోయాడన్నాడు. "గా పేరుగలాయన మా ఇంట్ల లేడు" అని చిన్నమ్మ ఫోన్ పెట్టేసింది. పొయ్యి దాకా వెళ్లాక ఆ పేరు తన భర్తదేనని గుర్తొచ్చి, అక్కడే కూలబడింది.

చిన్నాయన కల్లు గీసేవాడు. తన తాటిచెట్లకు ఒక్కోదానికి ఒక పేరు పెట్టుకొని, ఆ పేర్లన్నీ చిన్నప్పుడు నాకు నేర్పాడు. నన్ను పొలాల వెంట తిప్పి చెట్టూ చేమా చూపించింది ఆయనే. కరువొచ్చి చెట్లకు కల్లు పారని ఏళ్లలో ఊళ్లో మగవాళ్లంతా దుబాయి దారి పట్టారు. ఈయనకు పాస్‌పోర్టు ఎంతకీ రాలేదు. కోరుట్లలో ఒక ఏజెంటు, సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే ఇంకొకాయన పాస్‌పోర్టుకు ఈయన ఫోటో అంటించి విమానం ఎక్కించాడు. తప్పే, కాదనను. కానీ అప్పుడు మాకది అదృష్టంలా కనిపించింది.

అక్కడ ఇండియావాళ్లను హిందీలనే అరబ్బులకు ఆయన హిందీ, ఉత్తరాది వాళ్లకు మద్రాసీ. ఏ దేశమని అడిగితే తను మాత్రం గొల్లపల్లి అనేవాడట. సెలవులో వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పి తనే పడీపడీ నవ్వేవాడు.

ఊరి బజారులో వెనక నుంచి సొంత పేరుతో పిలిస్తే వెంటనే తిరిగేవాడు కాదు. చెవుడొచ్చిందా అని దోస్తులు ఆటపట్టించేవాళ్లు. ఒకసారి నాతో మెల్లగా అన్నాడు: "చెవుడు కాదు బిడ్డా. ఆడ గా పేరుతోనే లేస్త, గా పేరుతోనే పండుకుంట. గీ పేరు నాదేనని యాదికచ్చేసరికి జరసేపైతది."

శవం వచ్చిన పెట్టె మీద ఆ పాస్‌పోర్టు పేరే ఉంది. మేం ఏ ఆఫీసుకు వెళ్లినా, మీ చిన్నాయన పోయినట్టు ఆధారం లేదమ్మా అన్నారు. వాళ్లతో ఏమని వాదిస్తాం? కాగితాల లెక్కన ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

అంత్యక్రియలైన మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, పేరుతో పిలుస్తాం. కాకి ముడితే వాళ్లు తిన్నట్టే. అన్నం, మటన్, దొప్పలో కల్లు పెట్టి దూరం జరిగాం. అన్నదమ్ములు పేరు పెట్టి పిలిచారు, నేను చిన్నాయనా అని పిలిచాను. కాకులు చెట్టు దిగలేదు. పెళ్లయిననాటి నుంచి మొగుడి పేరు నోటితో అనని చిన్నమ్మ, చివరికి ముందుకొచ్చి ఆ పేరు పలికింది. వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా పలికింది. ఒక్కటీ కదలలేదు.

శవం వెంట వచ్చిన దుబాయి లేబర్ క్యాంపు దోస్తు అప్పటిదాకా వెనకే నిలబడ్డాడు. "ఏమనుకోకు వదినా" అని, పాస్‌పోర్టు మీది పేరుతో పిలిచాడు. "అన్నా, బువ్వ తిందువు రా."

ఒక కాకి దిగింది. మటన్ ముక్క కరుచుకుంది. ఎవరికీ సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మరి ఇన్నేండ్లు సెలవుల మీద ఇంటికచ్చిపోయింది ఎవలు బిడ్డా?"

ఆ కాకి తినడం అయ్యేదాకా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అక్కడే నిలబడింది.