గోల్ గుంబజ్‌లో రుమాలు బేరం

ఆ రోజుల్లో మా ఆర్మూరు దిక్కు పసుపు రైతుకు పక్కనున్న నిజామాబాదు కంటే మహారాష్ట్రలోని సాంగ్లీ మీదే ఎక్కువ గురి. పంట బాగా వచ్చిన ఏడాది నలుగురు కలిసి ఒక లారీ మాట్లాడుకుని, బస్తాలు నింపి అంత దూరమూ పోయేవాళ్లు. నేను మొదటిసారి ఎక్కిన లారీలో ఉన్నవి ఇవి: పసుపు బస్తాలు, వాటి మీద కప్పిన తాడపత్రి, జొన్నరొట్టెల మూటలు, నీళ్ల డబ్బా. ఉన్నవాళ్లు వీళ్లు: డ్రైవరు ఉస్తాద్; మా బాపుకు అన్న అయిన పెద్దబాపు; ఆయన బావమరిది రేడియో మామ (ఏ చెవి మెలిపెట్టినా ఆగేవాడు కాదు కాబట్టి ఆ పేరు); ఈ ఇద్దరికంటే పెద్దవాడు, పసుపును వాసన చూసి ఏ ఊరిదో చెప్తానని బెదిరించే దొంకేశ్వర్ తాత; చివరగా, సివిల్ డిప్లొమా అప్పుడే పూర్తిచేసిన నేను. నా ప్యాంటు జేబులో ఉక్కు కొలతటేపు కూడా ఉంది. అదెందుకని దారి పొడవునా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి మంచి సమాధానం తయారుగా ఉండేది.

నేను లారీ ఎక్కడానికి కారణం పసుపు కాదు. మా బాపు మస్కట్‌లో పని చేస్తున్నాడు. నాకూ అక్కడే ఒక స్టోర్ కీపర్ ఉద్యోగం చూశాడు. నా పాస్‌పోర్టు బాల్కొండ ఏజెంటు దగ్గర ఉంది. సాంగ్లీ నుంచి తిరిగి రాగానే పెద్దబాపు పోయి మాట ఖాయం చేసి రావాలి. నాకేమో ఇంజనీరింగు చదవాలని ఉంది. డిప్లొమా వాళ్లు పరీక్ష రాస్తే నేరుగా రెండో ఏడులో సీటు దొరుకుతుంది, ఇంకో మూడేళ్లు చదివితే ఇంజనీరు. ఈ సంగతి పెద్దబాపుకు చెప్పాలి. బాపు ఊరు విడిచినప్పటి నుంచి మా ఇంట్లో చివరి మాట ఆయనదే. ఆయన కోప్పడే మనిషి కాదు. నేను చెప్పింది పూర్తిగా విని, "సరే, పండుకో పో" అంటాడు. ఆ తర్వాత ఆ విషయం ఇంట్లో మళ్లీ రాదు. అందుకే పోయేటప్పుడే లారీ మీద పడుకుని నా కారణాలను వరుసపెట్టి, నెంబర్లు వేసి, పెదవులు కదుపుతూ బట్టీ పట్టాను. అది నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. నెంబరు వేయనిదే నాకు ఏడుపు కూడా సరిగ్గా రాదని మా అమ్మ అనేది.

సాంగ్లీలో నేను చూసిన వింత రుమాలు బేరం. కొనేవాడూ అమ్మేవాడి మనిషీ ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద ఒక గుడ్డ కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత అంకె. అది పదులో వందలో వాళ్లిద్దరికీ తెలుసు. చుట్టూ పదిమంది నిలబడి వాళ్ల మొహాలు చూస్తుంటారు, మొహాల్లో ఏమీ కనపడదు. ఒక్క మాట బయటికి రాకుండా లారీ సరుకు చేతులు మారుతుంది. నేను భుజాల కదలికను బట్టి అంకెలు కనిపెట్టాలని ఒక పూటంతా ప్రయత్నించి, నాలుగుసార్లు పందెం కాసి నాలుగుసార్లూ ఓడిపోయాను. "గది కండ్లతోని చూసేది కాదురా, చేతులతోని ఇనేది" అన్నాడు పెద్దబాపు, తన కండువా దులిపి భుజాన వేసుకుంటూ.

తిరుగు ప్రయాణంలో ఉస్తాద్‌కు బిజాపూర్‌లో దించాల్సిన సరుకు ఒకటి దొరికింది. అది దిగేదాకా పొద్దున ఒక పూట ఖాళీ. గోల్ గుంబజ్ చూద్దామన్నది నేనే. మా పాఠ్యపుస్తకంలో అరపేజీ ఉన్న కట్టడం కళ్ల ముందుకొస్తే ఊరుకునే డిప్లొమా కాదు నాది. దారిలో టాంగావాడు పైకప్పు లేకుండా కమానులు మాత్రమే నిలబడి ఉన్న ఒక నల్లరాతి కట్టడాన్ని చూపించి బారా కమాన్ అన్నాడు. అదీ ఒక సుల్తాను సమాధేనని, దాని సంగతి తర్వాత చెప్తానని నేను మావాళ్లను ఊరించాను.

గేటు తీసిన కాసేపటికే లోపల ఉన్నాం. ఇంకా జనం రాలేదు. ఆ హాల్లో మధ్యన ఒక్క స్తంభం లేదు. తలెత్తితే చీకటిగా, ఎక్కడో పైన, ఆ మహా గుమ్మటం. నేను వెంటనే ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇది బిజాపూర్‌ను ఏలిన ఆదిల్‌షాహీల వంశంలో ఏడో సుల్తాను మహమ్మద్ ఆదిల్‌షా సమాధి అనీ, అంతకుముందు దక్కనంతా బహమనీల కింద ఉండేదనీ, ఆ రాజ్యం విరిగి ఐదు ముక్కలైందనీ, ఒక ముక్క బిజాపూర్, ఇంకో ముక్క గోల్కొండ అనీ చెప్పాను.

"అంటే పాలోళ్లన్నట్టు" అన్నాడు రేడియో మామ. "ఐదు పాళ్లు పంచుకున్నరు. మన దిక్కు ఎవరి పాలుకొచ్చింది?"

"గోల్కొండ పాలుకు, మామా."

"మరి పంచుకున్నంక సక్కగ ఉన్నరా, గట్టు పంచాయితీలు పెట్టుకున్నరా?"

పంచాయితీలే పెట్టుకున్నారని, ఒక్క విజయనగరం మీదికి మాత్రం కలిసి పోయారని, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టారని చెప్పాను. (చరిత్రను ఇంత తొందరగా అర్థం చేసుకున్న తరగతిని నేను మళ్లీ చూడలేదు.) ఈ సుల్తాను గద్దెనెక్కిన కొద్దికాలానికే తన సమాధి పని మొదలుపెట్టించాడని అంటారన్నాను. దొంకేశ్వర్ తాత నోరు తెరిచాడు.

"గద్దెక్కంగనే గోరి కట్టుడేందిరా? ఇత్తనం పెట్టకముందే బస్తాలు కుట్టినట్టు."

పెద్దబాపు పై గుమ్మటాన్ని చాలాసేపు చూసి, "ఇంత కట్టిండు గదా, కొడుకుకేం మిగిల్చిండు?" అని అడిగాడు. దారిలో చూసిన బారా కమానే కొడుకు సమాధి అని, తండ్రిదాని కంటే గొప్పగా కట్టాలనుకుని కమానుల దగ్గరే ఆగిపోయిందని, మనవడి కాలానికి ఔరంగజేబు వచ్చి రాజ్యాన్నే కలిపేసుకున్నాడని చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. అంతే.

మూలనున్న బురుజులోని ఇరుకు మెట్లెక్కి, తాతను రెండుచోట్ల కూర్చోబెట్టి లేపి, గుమ్మటం లోపలి అంచున గుండ్రంగా తిరిగే వరండాలోకి చేరాం. అక్కడ ఈ గోడ దగ్గర గుసగుసలాడితే అవతలి గోడ దగ్గర చెవి పెట్టినవాడికి వినపడుతుంది. అందుకు కారణమైన శబ్ద తరంగాల గురించి నేను బొమ్మ గీసినట్టు చేతులతో వివరించాను. ముగ్గురినీ గోడకు ఆనించి కూర్చోబెట్టి, "మీరు మాట్లాడొద్దు, దగ్గొద్దు. నేను అటు పోయి చేతి గడియారం గోడకు ఆనిస్తా. టిక్కు టిక్కు ఇక్కడ ఇనవడ్తది" అని ఆదేశాలిచ్చి, వరండా వెంట నడిచి సరిగ్గా ఎదుటి వైపుకు చేరాను. చేరాక తెలిసింది, నా గడియారం ఆగిపోయి ఉందని. సాంగ్లీలో పందేల హడావిడిలో కీ ఇవ్వడం మరిచాను.

గోడ వైపు తిరిగి కూర్చుని గడియారానికి కీ తిప్పుతున్నాను. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, అవతల మావాళ్లు చాలా చిన్నగా కనిపించారు. అంత దూరాన ఉన్న పెద్దబాపును చూసేసరికి ధైర్యం వచ్చింది. ఇంకో రాత్రి గడిస్తే ఆర్మూరు, ఆ తెల్లారే బాల్కొండ. ఇవాళే చెప్పెయ్యాలనుకుని, కీ తిప్పుతూ, అలవాటుగా లోగొంతుతో నా పాఠం అందుకున్నాను.

"ఒకటోది, మస్కట్‌ల స్టోర్ కీపరంటే తాళాలు కాసుడే, దానికి డిప్లొమా ఎందుకు. రెండోది, ఇంజనీరింగు మూడేండ్లే. మూడోది, సెలవులల్ల వచ్చి పసుపు ఉడకబెట్టే పని నేనే చూస్త. నాలుగోది, పెద్దబాపుకు గివన్ని అర్థం కావు, జర నిమ్మళంగ, పసుపుతోని పోల్చి చెప్పాలె..."

నా చెవి పక్కనే, గోడలో నుంచి, పెద్దబాపు గొంతు వినిపించింది.

"పోల్చు మరి. ఇంటున్నం."

కీ నా వేళ్ల మధ్యే ఆగిపోయింది. ఇప్పటిదాకా శబ్ద తరంగాల మీద పాఠం చెప్పింది నేనే. వెంటనే గోడలోంచి రేడియో మామ గొంతు అందుకుంది.

"మూడోది మళ్లొకసారి చెప్పురా అల్లుడా. తాత దగ్గిండు, నాకు సక్కగ ఇనవడలే."

"నేనెక్కడ దగ్గిన? నీ ముక్కే మోగింది" అంది గోడ, దొంకేశ్వర్ తాత గొంతుతో.

దాక్కుందామంటే ఆ వరండాలో మూల అనేదే లేదు. మూడోది మళ్లీ చెప్పాను. తర్వాత, అడిగారు కాబట్టి, పోలిక కూడా చెప్పాను. పసుపును తవ్వగానే అమ్ముకోరు కదా, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగు పట్టాలి. డిప్లొమా అంటే ఉడకబెట్టడం వరకే అయినట్టు. నేనింకా తడి ఆరలేదు అన్నాను. తర్వాత తాత గొంతు, "తడి సరుకుకు ఎవడు ధర పెడ్తడు, బూజు పడ్తది" అంది. అది నా వైపు మాటో కాదో తేల్చుకోలేకపోయాను.

పెద్దబాపు లేచాడు. వరండా వెంట, గోడను చేత్తో తడుముతూ, ఏమాత్రం తొందర లేకుండా నా వైపు వస్తున్నాడు. అంత నెమ్మదిగా మనిషి నడవగలడని నాకు అప్పుడే తెలిసింది. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అవతల ఇద్దరూ గోడకు చెవులు అతికించుకుని ఉన్నారు. ఆయన వాళ్లను చూసి, నన్ను చూసి, భుజం మీది కండువా తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

కండువా కింద నా రెండు వేళ్లు పట్టుకున్నాడు. రెండేళ్లలో ముగించమంటున్నాడని అర్థమై నా గుండె ఎగిరింది. వెంటనే జారింది కూడా, ఎందుకంటే చదువు మూడేళ్లు, కాలేజీ బేరానికి రాదు. నేను ఆయనవి మూడు వేళ్లు పట్టుకున్నాను. ఆయన మళ్లీ నావి రెండు పట్టుకున్నాడు. నేను మళ్లీ మూడు. పసుపు తవ్వి తవ్వి గట్టిపడ్డ ఆ వేళ్లను నేను అంతసేపు పట్టుకోవడం చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని భయపడిన రోజు తర్వాత అదే. ఆయన మొహంలో ఏమీ లేదు. నా మొహంలో ఏముందో తలుచుకోవడానికి ఇప్పటికీ ఇష్టపడను. చివరికి ఆయన నావీ మూడు వేళ్లు పిడికిట్లోకి తీసుకుని, ఒక్కసారి గట్టిగా నొక్కి, కండువా లాగేశాడు.

"ఎంతకు తెగింది?" అని అడిగింది గోడ, రేడియో మామ గొంతుతో.

"రుమాలు కింది మాట పైకి చెప్తరా?" అన్నాడు పెద్దబాపు గోడతో. అంతలో పిల్లల గుంపొకటి కేకలు వేస్తూ లోపలికి వచ్చింది, ఆ కేకలు గుమ్మటమంతా తిరిగి తిరిగి మోగాయి. మా మాటకు ఇక చోటు లేకపోయింది.

మెట్లు దిగాక, చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా ఆయన ఒక్క మాట అన్నాడు: "గా కొడుకు గోరి లెక్క కమాన్ల కాడ ఇడ్సిపెట్టకు. పైన కప్పు పడాలె." ఊరికి వచ్చిన మర్నాడు బాల్కొండ పోయి నా పాస్‌పోర్టు వెనక్కి తెచ్చాడు. మా బాపుకు ఏం చెప్పి ఒప్పించాడో నాకు ఈనాటికీ తెలియదు. అదీ ఏదో కండువా కిందే జరిగి ఉంటుంది.

ఈ కథను ఇక్కడ ఆపితే నా పరువు దక్కేది. కానీ కొలతల్లో అబద్ధం చెప్పకూడదని నేర్చిన చదువు నాది. ఆ మూడేళ్ల చివర ఒక పేపరు తప్పాను. ఏ పేపరని అడుగుతారేమో: గుమ్మటాల లెక్కలు వచ్చే పేపరే. ఆ కబురు ఎలా చెప్పాలో తెలియక, ఈసారి ఏ నెంబర్లూ వేసుకోకుండా వచ్చి, కళ్లంలో ఆరబోసిన పసుపు పక్కన ఆయన ఎదుట కూర్చున్నాను. ఆయన నా మొహం చూశాడు. ఏమీ అడగకుండా కండువా తీసి చేతుల మీద పరిచాడు. నేను నాలుగు వేళ్లు పట్టుకున్నాను. ఆయన విడిపించుకోలేదు.

ఇప్పుడు నేను ఇంజనీరును. నేను గీసిన కప్పులు కొన్ని ఎండకూ వానకూ నిలబడి ఉన్నాయి. ఏ ఇంటికి కప్పు వేసినా, దాని కింది సెంట్రింగు చెక్కలు విప్పిన రోజున కింద నిలబడి, గోడ దగ్గర నోరు పెట్టి "కప్పు పడింది పెద్దబాపూ" అని మెల్లగా అంటాను. మామూలు గోడలు, జవాబు చెప్పవు. అయినా, చెవి ఆనించి కాసేపు ఉంటాను.

బేరం తెగింది మూడేళ్లకు. పట్టింది నాలుగు.