ముప్పై రెండో భాగం

మా కళ్ళజోళ్ళ షాపులో ముందు గది నాది, వెనక గది జపానక్కది. కళ్ళ పరీక్షలు, కస్టమర్ల సణుగుళ్ళు నా పాలిట పడ్డాయి. ఫ్రేముకి సరిపడేలా అద్దాల్ని అరగదీసి బిగించడం ఆవిడ పని. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. జపానక్క అన్న పేరు మా ఓనరు పెట్టాడు. ఆవిడ జపాన్ మొహం ఎన్నడూ చూడలేదు, పాస్‌పోర్టు కూడా లేదు. కానీ మెషిన్ మీద అద్దం తిరుగుతున్నంతసేపూ పెదాలు మాత్రం జపనీస్‌లో కదులుతూనే ఉంటాయి.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పొద్దున్నే షాపులోకి వస్తూ "తదాయిమా" అనేది. ఇంటికొచ్చిన మనిషి 'వచ్చేశాను' అని చెప్పే మాటట. దానికి నేను "ఒకాయెరి" అనాలట. "ఇది ఇల్లు కాదు, షాపు. ఆలస్యంగా వచ్చి ఆ వేషాలొకటి" అని కసిరేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది. వెనక గది గుమ్మంలో చెప్పులు విడిచి, ముందుకు వంగి, వాటి మూతులు బయటికి తిప్పి పెట్టేది. వెళ్ళేటప్పుడు సులువుగా తొడుక్కోవడానికి అక్కడివాళ్ళు అలా పెడతారట. నా చెప్పులు కూడా తిప్పేసేది. రెండేళ్ళయ్యేసరికి, నాకు తెలియకుండానే, నేనే తిప్పి పెట్టడం మొదలుపెట్టాను.

ఈ విద్యంతా ఒకే ఒక్క కార్టూన్ సీరియల్ చూసి నేర్చుకుంది. కార్టూన్ అంటే మళ్ళీ కోపం, అనిమే అనాలి. ఒక రేవు ఊళ్ళో గొడుగులు బాగుచేసే తాత, అతని మనవరాలు, పడవెక్కి వెళ్ళిపోయిన మనవడు. ఇదీ కథ. మొత్తం నలభై ఎనిమిది భాగాలు. అందులో జపానక్క చూసినవి ముప్పై ఒకటి.

ఆవిడా, తొమ్మిదేళ్ళు చిన్నదైన చెల్లెలూ రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. రోజూ రాత్రి భోజనమయ్యాక ఒక్క భాగం చూసేవాళ్ళు, అంతకు మించి లేదు. ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు ముందుకెళ్ళకూడదని ఒట్టు. చెల్లెలికి జ్వరమొచ్చి అయిదు రోజులు మంచం దిగకపోతే, ఆ అయిదు రోజులూ టీవీ మీద గుడ్డ కప్పి ఉంచిందట ఈ మహాతల్లి.

ముప్పై ఒకటో భాగం చివర వర్షంలో బస్టాపు దగ్గర తాత నిలబడి ఉంటాడు. బస్సు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. అక్కడితో ఆ భాగం అయిపోతుంది. మర్నాడు చెల్లెలి మంచం కింద సర్దిపెట్టిన పెట్టె బయటపడింది. వేరే ఊరికి బదిలీ అయిందట, నెలరోజులుగా చెప్పకుండా దాచిందట. అక్కకి ముక్కు మీద కోపం. "వెళ్ళు, మళ్ళీ నా గడప తొక్కకు" అంది. చెల్లెలు ఏ తల్లి కడుపున పుట్టిందని, అదీ తక్కువ తినలేదు. నిజంగానే తొక్కలేదు. నాలుగేళ్ళు గడిచాయి.

ఆ నాలుగేళ్ళూ జపానక్క మొదటి భాగం నుంచి ముప్పై ఒకటి దాకా చూడటం, మళ్ళీ మొదటికి రావడం. ఎన్నిసార్లో లెక్కలేదు. కొన్నాళ్ళకి సబ్‌టైటిల్స్ చదవడం విసుగొచ్చి, అద్దాలకి గీతలు పడకుండా మేము అతికించే నీలం టేపు తీసుకెళ్ళి టీవీ కింది భాగాన అడ్డంగా అంటించేసింది. అర్థం కానిచోట వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, నోట్‌బుక్కులో మన అక్షరాల్లో రాసుకోవడం. అలా వచ్చింది భాష. చెల్లెలి పాత చెప్పులు మాత్రం ఆ ఇంటి గుమ్మంలో మూతులు లోపలికే ఉండేవి. ఇప్పుడే ఇంట్లోకొచ్చిన మనిషివి అలా ఉంటాయట. నేను ఒకసారి అలవాటు కొద్దీ తిప్పబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"అంత బెంగైతే ఫోన్ చెయ్యొచ్చుగా" అన్నాను.

"అదే నాకు చెయ్యొచ్చుగా" అంది.

మొన్న చలికాలంలో ఒక జపాన్ ఇంజినీరు, పెద్దాయన, ముక్కు దగ్గర విరిగిన ఫ్రేము పట్టుకుని వచ్చాడు. ఫోన్‌లో అనువాదం చూపిస్తూ నాతో అవస్థ పడుతున్నాడు. వెనక గదిలోంచి జపానక్క వచ్చింది. ఏప్రన్ నిండా అద్దాల పొడి. నడుం దాకా వంగి ఏదో అంది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. పది నిమిషాలు గలగలా మాట్లాడుకున్నారు. వర్షం గురించి, బస్సుల గురించి, గొడుగు కమ్ముల గురించి ఆవిడ అద్భుతంగా మాట్లాడుతోందని ఆయన మొహమే చెబుతోంది. తీరా ఆయన కళ్ళజోడు చేతికిచ్చేసరికి ఆవిడ నోరు పడిపోయింది. ఆ ముప్పై ఒక్క భాగాల్లో కళ్ళజోడు పెట్టుకున్న మనిషి ఒక్కడూ లేడట! ఇరవై ఏళ్ళుగా కళ్ళజోళ్ళు చేస్తున్న మనిషికి వాటినేమంటారో తెలియదు. ఆయన పగలబడి నవ్వి "మెగనె" అని చెప్పాడు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే సీరియల్ పేరు చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది. బస్సు, తలుపు అని చేతులతో చూపిస్తూ ఏదో మొదలుపెట్టాడు. జపానక్క కళ్ళజోడు చేతిలో ఉండగానే రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. జపనీస్‌లో ఏదో అంది. ఆయన కంగారుపడి, ఏదో అడిగి, వంగి వంగి క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

"మా చెల్లెలితో కలిసి చూడాలి, చెప్పకండి అన్నానే" అంది నాతో. "మీ చెల్లెలు ఎప్పుడొస్తుంది అనడిగాడు. జవాబు చెప్పడానికి నాకు మాట రాలేదు."

"మన భాషలో మాత్రం ఉందా జవాబు?"

ఆవిడ వెనక గదిలోకెళ్ళి మెషిన్ ఆన్ చేసింది. అందులో అద్దం పెట్టలేదు. ఖాళీ మెషిన్ అలా తిరుగుతూనే ఉంది. ఈవిడకి జపాన్ అక్కర్లేదు. పక్కన చెల్లెలు కూర్చోవాలి, అంతే.

ఇక నేను ఊరుకునే రకం కాదు. మా షాపులో కళ్ళ పరీక్ష చేయించుకున్న ప్రతివాళ్ళకీ ఒక కార్డుంటుంది. రెండేళ్ళు దాటితే ఫోన్ చేసి గుర్తుచేయడం నా ఉద్యోగం. జపానక్క కోపానికి జడిసి ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన చెల్లెలి కార్డు వెతికి తీశాను.

"కళ్ళు చూపించుకుని నాలుగేళ్ళు దాటిందండీ."

"అక్క చెయ్యమందా?" అంది అవతలి గొంతు.

"లేదు, కార్డు చెప్పింది."

అవతల ఏడుపు. "నేనేం మొహం పెట్టుకుని రానండీ? వచ్చేసిన వారంలోనే మిగతా భాగాలన్నీ చూసేశాను. ఉక్రోషంతో, ఒకదాని తర్వాత ఒకటి, చివరిదాకా. అక్కకి తెలిస్తే ఇంకేమైనా ఉందా?"

ఇక్కడ ఈవిడ చెవులు మూసుకుని కూర్చుంది, అక్కడ అది ఎప్పుడో కథ ముగించింది! "ఆదివారం రా. చూసినట్టు నోరు మెదిపావో, నీ సంగతి చెప్తాను" అన్నాను.

మూడు గంటలు బస్సులో ప్రయాణం చేసి వచ్చింది. పరీక్ష నేనే చేశాను. కొత్త అద్దాలకి రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. అదీ నా పనే. కానీ స్కేలు తీసుకెళ్ళి జపానక్క చేతిలో పెట్టి, "నాకు చెయ్యి వణుకుతోంది, నువ్వు చూడు" అని అబద్ధమాడాను.

ముందు గదిలోకొచ్చి చెల్లెల్ని చూసి ఆగిపోయింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. స్కేలు చెల్లెలి ముక్కు మీద ఆనించింది. మొహాల మధ్య జానెడు దూరం. ఈ కొలతకి అందరికీ చెప్పే మాట ఒకటుంటుంది, చెప్పక తప్పదు.

"నా కళ్ళలోకి చూడు" అంది జపానక్క.

నాలుగేళ్ళ తర్వాత చెల్లెలితో అన్న మొదటి మాట అది. చూసింది. కొలత తీసుకోవడానికి పది సెకన్లు చాలు. నేను ముందు తలుపు దగ్గరికెళ్ళి, అవసరం లేకపోయినా అద్దం తుడుస్తూ నిలబడ్డాను.

సోమవారం నేను షాపుకి వచ్చేసరికే జపానక్క చెల్లెలి అద్దాలకి నీలం టేపు అతికిస్తోంది. "కొరియర్‌లో పంపెయ్యనా?" అన్నాను. "వద్దు. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుంటుంది" అంది.

"మరి, చూశారా?"

చూశారట. చెల్లెలు గుమ్మంలో చెప్పులు విడిచి, పరాయి మనిషిలా మూతులు బయటికి తిప్పిందట. అది చేతులు కడుక్కునే లోపు ఈవిడ వెళ్ళి లోపలికి తిప్పేసిందట. చెల్లెలు సబ్‌టైటిల్స్ చదువుకోవాలి కదా అని టీవీకున్న టేపు ఊడదీసిందట. ముప్పై రెండో భాగం మొదలైంది. బస్సు తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు.

"డ్రైవర్ సీట్లోంచి లేచాడే. ఇంకా వెనక్కి తిరగలేదు, చేతిలో ఏముందో చూపించనే లేదు. అప్పటికే ఇది వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ తర్వాత చూపించారు. మనవడి గొడుగు ఒక్కటే తిరిగొచ్చింది."

నాలుగేళ్ళు కాపాడిన ఒట్టు. ఈవిడ కోపం నాకు తెలియనిదా?

"ఏమన్నావు?" అన్నాను మెల్లగా.

"ఏమీ అనలేదు. భుజం మీద చెయ్యి వేశాను." టేపు మీద వేలితో నిమురుతూ ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. "ఒక్కతే కూర్చుని చూసుంటుందే పిచ్చిది. తెలియని ఊళ్ళో, ఏదో అద్దె గదిలో. ఆ గొడుగు చూసి ఎంత ఏడ్చిందో, అప్పుడు ఎవరు ఊరుకోబెట్టారో."

ఆ మాట అని మెషిన్‌లో అద్దం పెట్టింది.